ఫ్లైవీల్ చాటున సన్నధార

రేపు పొద్దున్నే రేవులో పడవల పందెం అనగా, ఈ రోజు మధ్యాహ్నం కెప్టెనమ్మ పడవ మోటారు, రెండు నెలలుగా చేస్తున్నట్టే, మళ్ళీ ఏడుపు లంకించుకుంది. పైమూత అంచు నుంచి టపటపా నీళ్ళు. మూత ఎత్తి చూస్తే ఇంజను అప్పుడే మునిగి లేచినట్టు తడిసి ముద్దయి ఉంది. మూడు సిలిండర్లలో ఒకటి పట్టడం మానేసి, మోటారు దగ్గుతూ తుమ్ముతూ పడవను ఎలాగో ఒడ్డుకు చేర్చింది.

కెప్టెనమ్మ రేవుకు అవతల, దీపస్తంభం ఉన్న దిబ్బకు మనుషుల్నీ సరుకుల్నీ చేరవేస్తుంది. ఆవిడను అసలు పేరుతో పిలిచే మనిషి రేవులో ఒక్కడూ లేడు. కొడుకు మాత్రం అమ్మా అంటాడు, నిరుడు ఇంటికొచ్చిన కోడలు అత్తయ్యా అంటుంది. కొడుకుది రొట్టెల బట్టీ. పడవ ఎక్కడం మాట దేవుడెరుగు, ఒడ్డున నిలబడి అలల వంక చూసినా అతనికి కడుపులో తిప్పుతుంది. కోడలు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. సముద్రం పొడ తెలియని ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. అలాంటిది, కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారి వెంట పడవెక్కి, మొదటి అల ముఖాన కొట్టగానే పకపకా నవ్వింది. ఆ నవ్వుకే అత్తగారు పడిపోయింది. అప్పటి నుంచి సెలవు దొరికితే చాలు, కొడుకు ఇంట్లో పిండి పిసుకుతుంటే అత్తాకోడళ్ళు నీళ్ళ మీద ఉంటారు.

పందెంలో పడవకు ఇద్దరుండాలి. ఈసారి రెండో మనిషి కోడలే. సెలవు పెట్టింది, డాక్టరుకు రోజూ గుర్తు చేసి చేసి విసిగించింది, మొగుణ్ణి నిద్రలో కూడా కుదిపి "గాలి ఎటు ఉంటుందంటావ్" అని అడిగింది. పందెం మామూలు పందెం కాదు. అందరివీ రోజూ కూటికోసం తిరిగే పడవలే, అందరివీ ఒకే శక్తి గల మోటార్లే. రేవు నుంచి బయల్దేరి, దిబ్బను చుట్టి తిరిగి రావాలి. అయితే కెప్టెనమ్మకు మిగతా పడవలు కంటికి ఆనవు. ఆవిడకు కావలసింది ఒకే ఒక్క పడవను వెనక పడేయడం. ఆ పడవ తోడబుట్టిన తమ్ముడిది. రేవంతా అతన్ని తారాజువ్వ అంటుంది. వరసగా కొన్నేళ్ళుగా గెలుస్తున్నాడు. గెలవడం ఒక ఎత్తు, గెలిచాక ఏడాది పొడుగునా అక్క గుమ్మం ముందు నుంచి పోతూ "అక్కా, ఇంకా చేరలేదా" అని కేకేయడం ఒక ఎత్తు.

పడవల షెడ్డులో మోటారును దించి చెక్క స్టాండుకు బిగించారు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. మంచి పనివాడు. ఈ మోటారుకు నీళ్ళ పంపులో రబ్బరు రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, మార్చింది అతనే, థర్మోస్టాట్ ప్యాకింగ్ మార్చింది అతనే. అయినా నీళ్ళు ఆగకపోయేసరికి అతనికి రోషం వచ్చింది.

"ఇక హెడ్ ప్యాకింగే కెప్టెనమ్మా," అన్నాడు సిలిండర్లను మూసి బిగించే దిమ్మను తట్టి. "చూడండి, తడి అంతా హెడ్ మీదే. ఈ ఉప్పు పొర కూడా అక్కడే పేరుకుంది. హెడ్ విప్పాలి."

"విప్పు మరి. ఎదురుచూపులెందుకు?"

"విప్పొచ్చు. బోల్టులు ఉప్పు తినేసి ఉన్నాయి. ఒక్కటి విరిగిందా, రేపటికి కాదు, ఎల్లుండికీ అవదు."

కెప్టెనమ్మ బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. ముఖం గంటు పెట్టుకుంది. ఆవిడ మాట్లాడకుండా కూర్చుంటే షెడ్డులో మిగతావాళ్ళు సుత్తి కూడా మెల్లగా కొడతారు.

కోడలు మోటారు దగ్గరగా వంగి చూస్తోంది. రోజంతా జనం నోళ్ళలోకి చూసే అలవాటు వల్ల ఆమెకు దేన్నయినా అంగుళం దూరం నుంచి చూస్తే గాని తృప్తి ఉండదు.

"అన్నయ్యా, నీళ్ళు కారుతుండగా మీరు కళ్ళతో చూశారా?" అంది.

మెకానిక్ కాస్త తటపటాయించాడు. "కారుతుండగా... లేదమ్మా. ఇక్కడ నీళ్ళ డ్రమ్ములో పెట్టి ఎన్నిసార్లు నడిపినా ఒక్క చుక్క రాదు. కాయితంలా పొడిగా ఉంటుంది. సముద్రంలోకి వెళ్ళొస్తే చాలు, ఇదిగో ఇలా."

"డ్రమ్ములో జోరుగా తిప్పుతారా?"

"డ్రమ్ములో జోరేమిటి. జోరు పెడితే నీళ్ళన్నీ బయటికి చిమ్మేస్తుంది, డ్రమ్ము ఖాళీ అయి పంపు కాలిపోతుంది. మెల్లగానే తిప్పాలి."

కోడలు నిటారుగా నిలబడింది. పన్ను నొప్పి అని వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోగానే నొప్పి మాయమవడం ఆమె రోజూ చూసేదే. చల్లనీళ్ళు తాగినప్పుడే జివ్వుమంటుందంటే డాక్టరు చల్లనీళ్ళే తెప్పిస్తాడు.

"మెల్లగా తిరిగితే కారడం లేదు, జోరుగా తిరిగితే కారుతోంది. అంటే జోరుగా తిరుగుతున్నప్పుడే చూడాలి. మూత తీసేసి, సముద్రం మీద."

"పరిగెత్తే పడవలో మూత తీసి ఇంజనులోకి తొంగిచూస్తారా?" మెకానిక్ కళ్ళు పెద్దవి చేశాడు. "పైన ఫ్లైవీల్, అంత బరువు చక్రం, గిర్రున తిరుగుతుంటుందమ్మా. దాని పక్కన చెయ్యి పెట్టడమంటే ఆటలు కాదు."

కెప్టెనమ్మ బకెట్టు మీంచి లేచింది. "చూస్తుంది. నా కోడలు రోజూ జనం నోట్లో వేళ్ళు పెట్టి చూస్తుంది. వాళ్ళు కరుస్తారు కూడా."

"వాళ్ళు కరిస్తే గాటు పడుతుంది. ఇది కరిస్తే వేళ్ళు మిగలవు."

"వేళ్ళు పెట్టను," అంది కోడలు. "అద్దం పెడతాను." అప్పటికే ఆమె సగం గుమ్మం దాటింది.

ఇంటికి ఒక్క పరుగున వెళ్ళి, ఒక్క పరుగున తిరిగొచ్చింది. చేతిలో డాక్టరు వాడి పక్కన పడేసిన పళ్ళ సామాన్లు: పొడుగు పిడికి గుండ్రటి చిన్న అద్దం, కొస వంగిన సన్నటి సూదికొక్కెం. ఇంకో చేతిలో తను ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా, మెత్తటి కుంచె, టార్చి. వెనకే ఆమె మొగుడు, బట్టీ లోంచి అలాగే లేచొచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా పిండి.

"ఏం జరుగుతోంది?" అన్నాడు.

"నువ్వు ఒడ్డునే నిలబడు," అంది. అతనికి అంతకన్నా తియ్యటి మాట ఇంకొకటి ఉండదు.

మోటారును మళ్ళీ పడవకు బిగించారు. కోడలు గుడ్డతో ఇంజనును మూలమూలలా తుడిచింది. బట్టీలో పిండి ఊదే రబ్బరు బుడ్డి మొగుడి చేత తెప్పించి, సందుల్లోకి గాలి కొట్టి ఆరబెట్టింది. పన్ను తడిగా ఉన్నంతసేపూ అందులో చీలిక కనబడదు, ఆరితేనే కనబడుతుంది. అది క్లినిక్కులో ఆమె చేరిన మొదటి రోజే నేర్చుకున్న సంగతి. తర్వాత కుంచెతో ఇంజను హెడ్ మీదా, ప్యాకింగ్ అతుకు పొడుగునా, వైర్ల మీదా, పక్కల మీదా పల్చగా పౌడరు అద్దింది. ఎక్కడ మొదట తడి తగిలితే అక్కడ తెలుపు చెరిగిపోతుంది. దాక్కోవడానికి నీళ్ళకు చోటుండదు.

"ఏమిటమ్మాయ్, మోటారును పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?" అంది కెప్టెనమ్మ. ముఖం మీది గంటు సడలింది.

"చేస్తున్నా. ఏడుస్తూ వెళ్ళకూడదుగా మరి."

జుట్టు బిగించి ముడేసి పైన గుడ్డ కట్టింది. గాజులు తీసి మొగుడి జేబులో పడేసింది. వదులు చేతుల చొక్కా మార్చి, మెకానిక్ ఇచ్చిన బిగుతు చొక్కా తొడుక్కుంది. మెకానిక్ కూడా పడవెక్కాడు, చూడకపోతే అతనికి ఆ రాత్రి నిద్ర పట్టేలా లేదు. కోడలి నడుముకు తాడు కట్టి, దాని రెండో కొస తన పిడికిట్లో పెట్టుకున్నాడు.

రేవు దాటేదాకా మెల్లగా పోయారు. ఇంజను పక్కన చిన్న రంధ్రం లోంచి సన్నటి నీటిధార పడుతోంది. అది పడాల్సిందే. పంపు పైకి తోడిన నీళ్ళు ఇంజనును చల్లబరుస్తూ ఉన్నాయని చెప్పే గుర్తు అది.

"ఒంటేలు సరిగ్గా పోయడం లేదిది," అంది కెప్టెనమ్మ.

"అత్తయ్యా."

"ఏం, ఉన్నమాటేగా. నా తమ్ముడిది చూడు, నిప్పుకోడి మెడంత ధార. దీనిది ముసలాడి ధార."

"అందుకే నేను ఇంపెల్లర్ మార్చాను," అన్నాడు మెకానిక్ నొచ్చుకుంటూ. "అయినా ధార పెరగలేదు. అదే నాకు అంతుపట్టదు."

పౌడరు ఎక్కడిదక్కడే ఉంది. కెప్టెనమ్మ హ్యాండిలు పిడి మరికాస్త తిప్పింది. పడవ ముక్కు లేచింది. పౌడరు ఇంకా తెల్లగానే ఉంది. "పూర్తిగా పెట్టండి అత్తయ్యా," అంది కోడలు. మోటారు అరుపు అందుకుంది. పడవ నీళ్ళ మీద తేలిపోతూ, అలలను చెంపదెబ్బలు కొడుతూ దూసుకెళ్ళింది. కోడలు హెడ్ వంక కన్నార్పకుండా చూస్తోంది.

అప్పుడు పౌడరు మీద ఒక చుక్క పడింది. పక్కన ఇంకొకటి. చినుకులు మొదలైనట్టు, చుక్క చుక్క. ఆమె అతుకు వంక చూసింది. హెడ్ ప్యాకింగ్ అతుకు పొడుగునా తెలుపు చెక్కుచెదరలేదు. అక్కడి నుంచి నీళ్ళు పుడుతుంటే అక్కడ ముందు తడవాలి. ఈ చుక్కలు పుడుతున్నవి కావు, పైనుంచి పడుతున్నవి.

"అన్నయ్యా, ఇది హెడ్ లోంచి రావడం లేదు. వాన పడుతోంది."

"వానేమిటి?"

"ఫ్లైవీల్ చిమ్ముతోంది. దానికి ఎక్కడో నీళ్ళు తగులుతున్నాయి. అది తిరుగుతూ హెడ్ మీదికి విసురుతోంది."

మెకానిక్ తాడు మరో చుట్టు చేతికి చుట్టుకుని, "మెల్లగా. అంచుకు దూరంగా," అని మాత్రం అన్నాడు.

కోడలు టార్చిని నోట కరచుకుంది. అద్దం పిడిని రెండు చేతులతో పట్టుకుని, ఫ్లైవీల్‌కు బాగా కిందగా, ఇంజను ముందు వైపు సందులోకి మెల్లగా పోనిచ్చింది. పడవ ఎగిరినప్పుడల్లా ఆగింది, దిగాక మళ్ళీ జరిపింది. అద్దంలో వైర్లు కనబడ్డాయి. ఒక బోల్టు తల. ఒక నల్లటి రబ్బరు పైపు వంపు. ఆ వంపు అడుగున, టార్చి వెలుగులో, వెండి దారం ఒకటి తళుక్కుమంది.

దారం కాదు అది. పైపు పగులు లోంచి సూదిలా లేచిన నీటిధార. సూటిగా పైకి లేచి ఫ్లైవీల్ అంచును తాకి, పొగలా చెదిరిపోతోంది. కెప్టెనమ్మ కాస్త జోరు తగ్గించగానే దారం మాయమైంది. పెంచగానే మళ్ళీ లేచింది.

కోడలు వెనక్కి జరిగి టార్చి నోట్లోంచి తీసేసింది. "దొరికింది అత్తయ్యా. దొరికింది. పక్కన ధార పోసే పైపుంది చూడండి, దాని పొట్ట పగిలింది. బయటికి పోవాల్సిన నీళ్ళు మధ్యలోనే జారుకుంటున్నాయి. అందుకే ధార సన్నబడింది."

"నేను చూడాలి," అంది కెప్టెనమ్మ.

"మీరు నడుపుతున్నారు కదా."

"నువ్వు పట్టుకో."

అలా, ఎప్పుడూ రేవులో నత్తనడకన తప్ప మోటారు ముట్టుకోని కోడలి చేతికి నడిసముద్రంలో పూర్తి జోరు మీదున్న పడవ వచ్చిపడింది. పిడి అరచేతిలో బతికున్న చేపలా గిలగిలలాడింది. ఆమె దాన్ని రెండు చేతులా అదిమి పట్టి, ఎదురుగా దిబ్బ మీది దీపస్తంభం వంకే చూపు నిలిపింది. భయమో సంతోషమో తనకే తెలియలేదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదాలు చెవుల దాకా సాగుతున్నాయి. వెనక అత్తగారు అద్దంలోకి చూస్తూ "ఓరి దొంగముండా" అని మోటారును మురిపెంగా తిట్టడం వినబడింది. తర్వాత మెకానిక్ చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, "హెడ్ విప్పి ఉంటే రేపు మన పని అయిపోయేది," అన్నాడు.

ఒడ్డుకొచ్చి పైపు ఊడదీశారు. పైన చూస్తే నిగనిగలాడుతోంది. మడిచి చూస్తే అడుగున గోటితో గీసినంత చీలిక. మెకానిక్ తన సామాన్ల పెట్టె అంతా దిమ్మరించాడు. ఉన్న పైపుల్లో కొన్ని లావు, కొన్ని సన్నం. సామాన్ల కొట్టు పందెం అయ్యేదాకా తెరవరు.

"ఇదే మోటారు రేవులో ఇంకొకళ్ళకుంది," అన్నాడు మెకానిక్ గాల్లోకి చూస్తూ. "ఆయన దగ్గర విడి సామాన్లు అన్నీ ఉంటాయి."

"వాడినా? నేనా? అడగడమా?" అంది కెప్టెనమ్మ. "తెడ్డు వేసుకుంటూ అయినా దిబ్బ చుట్టొస్తాను గాని."

కోడలు పగిలిన పైపు జేబులో పెట్టుకుని బయటికి నడిచింది.

తారాజువ్వ తన షెడ్డులో పడవ అడుగును గుడ్డతో తోముతున్నాడు. అందులో ముఖం చూసుకునేంత నున్నగా ఉంది. మేనల్లుడి పెళ్ళాన్ని చూసి తోమడం ఆపకుండానే నవ్వాడు.

"ఏమ్మా, అక్క ఓటమి ఒప్పుకుంటూ నిన్ను పంపిందా?"

"అత్తయ్యకు నేనొచ్చినట్టు తెలియదు బాబాయ్ గారూ," అంది, అది పూర్తిగా నిజం కాకపోయినా. పైపు తీసి చూపించింది. ఎక్కడ పగిలిందో, నీళ్ళు ఫ్లైవీల్‌కు ఎలా తగులుతున్నాయో, తాము ఎలా పట్టుకున్నామో చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ ఎందుకొచ్చిందో మరిచిపోయింది. చేతులతో ఫ్లైవీల్ తిప్పి చూపించింది, చుక్కలు పడిన తీరు చూపించింది. తారాజువ్వ గుడ్డ పక్కన పడేశాడు.

"పౌడరు వేసి చూశారా?" అన్నాడు. "పూర్తి జోరు మీద? అద్దంతో?"

"పళ్ళ అద్దంతో."

అతను కాసేపు పైపు వంకా, ఆ పిల్ల వంకా మార్చి మార్చి చూశాడు. "అంటే ఈ రెండు నెలలూ అక్క రెండు సిలిండర్ల మీద నడుపుతోందా? నేనేమో ముసలిదైపోయింది, చెయ్యి పడిపోయింది అనుకున్నాను." అరలోంచి కొత్త పైపూ, రెండు క్లిప్పులూ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళు. కుంటుతున్న మోటారు మీద గెలిస్తే అది మోటారు మీద గెలుపు, అక్క మీద కాదు. నేను అక్క మీద గెలవాలి."

"చాలా థాంక్స్ బాబాయ్ గారూ."

"ఆగు, నేనూ వస్తున్నాను. ఆ చీలిక చోటు నాకు చూపించాలి. నాదీ అదే మోటారు."

తమ్ముణ్ణి చూడగానే కెప్టెనమ్మ చీపురు అందుకుంది. అతను గుమ్మంలోనే ఆగి, "కొట్టేదేదో బిగించాక కొట్టు అక్కా, వెలుతురు పోతోంది," అన్నాడు. ఆవిడ చీపురు దించింది గాని, బకెట్టు మీద కూర్చోమని మాత్రం అనలేదు.

కొత్త పైపు బిగించి మోటారును డ్రమ్ములో పెట్టి నడిపారు. అందరూ చుట్టూ మూగారు. పక్క రంధ్రం లోంచి ధార వచ్చింది. సన్నగానే.

తారాజువ్వ తల గోక్కున్నాడు. "డ్రమ్ములో మెల్లగా తిరుగుతోంది కదా, అందుకేమో," అన్నాడు మొగుడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "మెల్లగా అయినా నా దానికి ఇంతకన్నా వస్తుంది," అన్నాడు తారాజువ్వ.

కోడలు ఊడదీసిన పాత పైపును వేళ్ళ మధ్య తిప్పుతోంది. రబ్బరు ఇంకా మెత్తగా ఉంది, ఎండి పెళుసెక్కలేదు. అలాంటప్పుడు పగలడం ఎందుకు? పుచ్చిపోయిన పన్ను లోపల శుభ్రం చెయ్యకుండా పైన సిమెంటు పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కొన్నాళ్ళకు ఆ మనిషే బుగ్గ వాచి తిరిగొస్తాడు.

"పైపు దానంతటది పగల్లేదు," అంది నెమ్మదిగా. "ముందు ఎక్కడో అడ్డం పడింది. నీళ్ళు పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగి పొట్ట పగిలింది. ఆ అడ్డం ఇంకా అక్కడే ఉంది. ఇలాగే వదిలేస్తే ఈ కొత్తదీ పగులుతుంది."

ఆ మాట వినగానే మెకానిక్ ఉలిక్కిపడినట్టు లేచాడు. "ఇంపెల్లర్," అన్నాడు. "నేను మార్చినప్పుడు పాతదానికి ఒక రెక్క కొస లేదు. కింద పంపులో వెతికాను, దొరకలేదు. ఎప్పుడో బయటికి కొట్టుకుపోయి ఉంటుందనుకున్నాను. అది పోలేదు. పైకి పోయింది."

ఇద్దరూ ఒకేసారి మోటారు మీద పడ్డారు. మెకానిక్ బయటి రంధ్రం దగ్గరి వంపు ముక్కను విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. లోపల చీకటి. కోడలు అద్దం పెట్టి చూసింది. నల్లటిదేదో అడ్డంగా నక్కి ఉంది. పక్క నుంచి సందు మాత్రమే ఉంది. మెకానిక్ ఇనుప తీగ తీశాడు. "పొడిస్తే ఇంకా లోపలికి పోతుందన్నయ్యా, ఇలా ఇవ్వండి," అని ఆమె సూదికొక్కెం అందుకుంది. వంపు ముక్కను పెదవి దగ్గర పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టి, కొక్కేన్ని పక్క సందు లోంచి దాటించి, వెనక్కి తిప్పి లాగింది. జారింది. మళ్ళీ వేసింది. నాలిక కొస పళ్ళ మధ్య నుంచి బయటికొచ్చింది. ఈసారి కొక్కెం పట్టింది. చిన్నగా టప్ అని చప్పుడైంది.

ఆమె అరచేతిలో గోరంత రబ్బరు ముక్క. రెక్క కొస.

మోటారు మళ్ళీ డ్రమ్ములో తిరిగింది. ధార రంధ్రం లోంచి ఎగిరి, డ్రమ్ము దాటి, షెడ్డు నేల దాటి, ఎదురుగా నిలబడ్డ తారాజువ్వ పంట్లాం మీద పడింది. అతను పక్కకు గెంతబోయి పిండి చేతుల మేనల్లుడి మీద పడ్డాడు. కెప్టెనమ్మ ఎంత నవ్విందంటే, గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నవ్వు ఆగాక తమ్ముడికి తుడుచుకోవడానికి గుడ్డ అందించి, కూర్చోవడానికి తన బకెట్టు కూడా ఇచ్చింది.

పొద్దున సముద్రం పాలలా ఉంది. రేవు నోటి దగ్గర పడవలన్నీ వరస కట్టాయి. కోడలు పడవ ముక్కు దగ్గర బోర్లా పడుకున్నట్టు కూర్చుంది. ముక్కు లేవకుండా బరువు అక్కడ ఉండాలని అత్తగారి ఆజ్ఞ. పక్క పడవలోంచి తారాజువ్వ చెయ్యి ఊపాడు. కెప్టెనమ్మ చూడనట్టు నటించింది.

ఈల మోగింది. మోటార్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. కోడలికి కాసేపు నురగ తప్ప ఏమీ కనబడలేదు. తేరుకుని చూసేసరికి ముందు తారాజువ్వ పడవ, వెనకే తాము. మూడు సిలిండర్లూ ఒకే గొంతుతో పాడుతున్నాయి. ఎక్కడా దగ్గు లేదు, తడబాటు లేదు. ఒళ్ళంతా ఆ పాటకు అదురుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పక్క ధార కొరడాలా వెనక్కి ఎగురుతోంది.

"ఎలా ఉంది?" అని అరిచింది కెప్టెనమ్మ.

"నిప్పుకోడి మెడ," అని అరిచింది కోడలు.

దిబ్బ మలుపు దగ్గర తారాజువ్వ వెడల్పుగా తిరిగాడు. కెప్టెనమ్మ తిరగలేదు, రాళ్ళను రాసుకుంటున్నట్టు లోపలి నుంచి దూరింది. ఏళ్ళ తరబడి రోజూ సరుకులు మోస్తూ తిరిగిన దారి, ఏ రాయి ఎంత లోతున ఉందో ఆవిడ అరికాళ్ళకు తెలుసు. కోడలు చెయ్యి చాపితే నాచు అందేంత దగ్గరగా బండలు వెనక్కి పరిగెత్తాయి. మలుపు దాటేసరికి రెండు పడవలూ పక్కపక్కన ఉన్నాయి. అక్కా తమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అక్కడి నుంచి రేవు దాకా ఆ ఇద్దరికీ ప్రపంచంలో ఇంకేమీ లేదు. ఒక అల మీద ఆవిడ ముందుంటే ఇంకో అల మీద అతను ముందు. "ముసలిదానా" అని అతను, "ముక్కుపచ్చలారని వెధవా" అని ఆవిడ. కోడలు పడవ చెక్కను పిడికిళ్ళతో బాదుతూ గుర్రాన్ని అదిలించినట్టు అదిలిస్తోంది. గట్టు మీది జనం కేకలు వినబడుతున్నాయి. చివరి అల కింద నుంచి లేపినప్పుడు కెప్టెనమ్మ దాని వీపు మీదే పడవను జారవిడిచింది. తారాజువ్వ కన్నా మనిషి పొడుగంత ముందు, రేవు నోట గెలుపు గీతగా కట్టిన తాడు దాటారు.

కోడలు ఎగిరి అత్తగారిని కావలించుకుంది. పడవ తలకిందులయ్యేంత పని అయింది. కెప్టెనమ్మ కళ్ళు మూసుకుని కోడలి తల తన భుజానికి అదుముకుంది.

గట్టు మీద చప్పట్లు మోగుతున్నాయి. అయితే జనం మరోవైపు తిరిగి ఉన్నారు. అక్కడ పందెంలోదే, చేపల కోసం ఐసు గడ్డలు మోసే పాత పడవ, దాని మీద ఇద్దరు లావుపాటి అన్నదమ్ములు, అప్పటికే గట్టుకు కట్టేసి, టీ తాగుతూ కూర్చున్నారు. వాళ్ళెప్పుడు ముందుకెళ్ళారో, ఎటునుంచి వెళ్ళారో అక్కాతమ్ముళ్ళలో ఒక్కరూ చూడలేదు.

తారాజువ్వ పడవను పక్కకు తెచ్చి ఆపాడు. ఐసు పడవ వంక చూశాడు, అక్క వంక చూశాడు.

"వాళ్ళు మనల్ని ఎక్కడ దాటార్రా?" అంది కెప్టెనమ్మ.

"దాటడమేమిటక్కా, మొదటి నుంచీ ముందే ఉన్నారట."

ఆవిడ చెయ్యి విదిలించింది. "ఉంటే ఉండనీ. నేను రెండు, నువ్వు మూడు."

"ఒప్పుకుంటున్నాను."

"గట్టిగా అను. గట్టు మీదికి వినబడాలి."

అతను నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, తాను మూడోవాడినని రేవంతా వినబడేలా అరిచాడు. గట్టు మీద కోడలి మొగుడు రొట్టెల బుట్ట పట్టుకుని, ఆనందంలో నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగిపోయిన సంగతి అప్పుడే గమనించుకుని, గబగబా వెనక్కి ఎక్కాడు.

"ఏమ్మా," అన్నాడు తారాజువ్వ గొంతు తగ్గించి, కోడలి వైపు వంగి. "మలుపు దగ్గర నా మోటారు లోంచి కిచకిచమని ఏదో చప్పుడు వచ్చింది. మెల్లగా పోతే రాదు, జోరుగా పోతేనే వస్తుంది."

ఆమె కళ్ళు మెరిశాయి. తడి బట్టలతోనే ఇటు పడవ లోంచి అటు పడవలోకి కాలు వేసింది.

"మూత తీయండి బాబాయ్ గారూ," అంది. "మళ్ళీ ఒక్క చుట్టు వెళ్ళొద్దాం."